జె. నాగరాజు: పట్టుపురుగు జన్యుశాస్త్రం

జావరెగౌడ నాగరాజు (మరణం: 2012 డిసెంబరు 31) హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ (సీడీఎఫ్‌డీ)లో పట్టుపురుగుల మీద పనిచేసిన జన్యుశాస్త్రవేత్త. కర్ణాటకకు చెందిన ఆయన పట్టు పరిశోధన సంస్థల్లో మొదలుపెట్టి, 1990ల చివర్లో ఈ నగరానికి వచ్చారు. కీటక పరిశోధన ఇక్కడ కొత్త కాదు. నగరంలోని బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. రాస్‌కు దోమ మనిషి జబ్బును మోసుకొచ్చే శత్రువు. నాగరాజుకు జబ్బుపడే కీటకమే కాపాడుకోవలసిన ప్రాణి. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా పట్టుచీరల దుకాణాలకు కొదవ లేదు గానీ, ఆ పట్టును వడికే పురుగు గురించి నగరం ఆలోచించేది తక్కువ. నాగరాజు ప్రచురణల్లో జీర్ణ ఎంజైములు, డీఎన్‌ఏ గుర్తులు, లింగ నిర్ణయం, రోగనిరోధకత, చివరికి బాస్మతి బియ్యం కూడా కనిపిస్తాయి. పైపైన చూస్తే వీటికి పొంతన లేదు. కానీ ఇవన్నీ చాలావరకు ఒకే ప్రశ్న నుంచి పుట్టాయి: గట్టి పురుగు తక్కువ పట్టు ఎందుకిస్తుంది, ఎక్కువ పట్టిచ్చే పురుగు ఎందుకంత సున్నితం?

ఇది మొదట రైతుల ప్రశ్న. మన వాతావరణానికి అలవాటైన మల్టీవోల్టిన్ జాతుల గుడ్లు ఏడాది పొడవునా పొదుగుతాయి. ఎండనూ రోగాన్నీ తట్టుకుంటాయి, పట్టు మాత్రం తక్కువ. బైవోల్టిన్ జాతుల గుడ్లు సుప్తావస్థలోకి వెళ్తాయి. వాటి గూళ్లు మేలైనవి, పెంపకం కష్టం. అందుకే రెంటినీ కలిపిన సంకరం మీద మన రైతు ఎక్కువగా ఆధారపడ్డాడు. 1992లో నాగరాజు, సహచరులు ఈ తేడాను పురుగు కడుపులో వెతికారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైము సుప్తావస్థ లేని జాతుల్లో చురుగ్గా ఉందనీ, ఉన్న జాతుల్లో బాగా తక్కువనీ చూపారు. ఇది శరీరధర్మశాస్త్రం. దాన్ని డీఎన్‌ఏ దాకా తీసుకెళ్లడంలో హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)కి చెందిన లాల్జీ సింగ్ తోడయ్యారు. కట్లపాము జాతి డీఎన్‌ఏలో తొలుత దొరికిన బీకేఎం క్రమం నుంచి వచ్చిన ప్రోబ్‌తో పట్టుపురుగుల డీఎన్‌ఏ వేలిముద్రలు తీశారు. పాము పరికరం పట్టుపురుగుకు పనికిరావడం వింతగా తోస్తుంది గానీ, రెంటిలోనూ లింగాన్ని తేల్చే భిన్న క్రోమోజోము ఆడదానికే ఉంటుంది. ఆ తర్వాతి డీఎన్‌ఏ గుర్తుల పరీక్షల్లో సుప్తావస్థ ఉన్న జాతులూ లేనివీ వేర్వేరు గుంపులుగా విడివడ్డాయి. నాగరాజు బృందం మెరుగుపరచిన ఇలాంటి పద్ధతే 2002లో అసలు బాస్మతిని ఇతర బియ్యం నుంచి వేరుచేయడానికి తోడ్పడింది.

జన్యుశాస్త్రవేత్తలు ఎక్కువగా వాడే పళ్లఈగలో ముందే తేలిన విషయాలనే పట్టుపురుగులో మళ్లీ చూశారనే విమర్శకు అవకాశముంది. అది కొంతవరకు నిజం. పద్ధతులు, జన్యువుల పేర్లు చాలా అక్కడివే. అయినా లింగ రూపాన్ని నిర్ణయించే డబుల్‌సెక్స్ జన్యువు విషయంలో పోలిక తెగిపోతుంది. పళ్లఈగలో ప్రత్యేక ప్రేరణ లేకుంటే ఆ జన్యువు మగ రూపం వస్తుంది, పట్టుపురుగులో ఆడ రూపం. జపాన్ శాస్త్రవేత్తలు తేల్చిన ఈ తేడాను నాగరాజు బృందం అడవి పట్టుపురుగుల్లో ముందుకు తీసుకెళ్లి, 2010లో రెండు జాతుల్లో ఆడవాటికే ప్రత్యేకమైన రెండు డబుల్‌సెక్స్ ప్రొటీన్లను చూపింది. వాటిలో ఒకటి చెన్నూరు, మహదేవ్‌పూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే దసలి పురుగు. బాక్టీరియా చుట్టూ రక్తకణాలు గుమిగూడి ముడి కట్టడానికి తోడ్పడే ‘నాడ్యులర్’ ప్రొటీను 2007లో బయటపడిందీ ఆ దసలిలోనే. ఈగలో తేలినదాన్ని తిరిగి చూడటం మాత్రమే కాదిది.

రెండో అభ్యంతరం బరువైనది: ఇంత చేసి రైతుకు ఏం వచ్చింది? మేలైన బైవోల్టిన్ సంకరాలు వచ్చింది సంప్రదాయ ప్రజననం వల్లే. దాన్ని తక్కువ చేయకూడదు. అయితే పట్టుపురుగులకు గ్రాసరీ రోగాన్ని కలిగించే బాక్యులోవైరస్‌కు మందు లేదు, శుభ్రతే దిక్కు. నాగరాజు బృందం వైరస్ జన్యువు నోరు నొక్కే ఆర్‌ఎన్‌ఏను పురుగులోనే తయారయ్యేలా చేసింది. 2007లో ఒక జన్యువు మీద గురిపెట్టి, తర్వాత ఒకేసారి పలు జన్యువుల మీదికి వెళ్లి, ఆ నిరోధాన్ని ఎక్కువ పట్టిచ్చే జాతిలోకి సంకరం ద్వారా చేర్చింది. జన్యుమార్పిడి జీవిని షెడ్డుల్లోకి పంపడానికి పరీక్షలూ అనుమతులూ కావాలి, అవి నిదానంగా సాగడం న్యాయమే. ఆ ఆలస్యాన్ని పరిశోధన వైఫల్యంగా లెక్కకట్టడం మాత్రం సరికాదు. గట్టితనాన్నీ పట్టు దిగుబడినీ ఒకే పురుగులో కలపవచ్చని ప్రయోగశాలలో చూపిన ఈ పని 2013లో ‘జెనెటిక్స్’ పత్రికలో అచ్చయింది.