సమాధిరాయి సాక్ష్యం

1890ల తొలినాళ్లు. కలకత్తా సెయింట్ జాన్స్ చర్చి ఆవరణ. రెండువందల ఏళ్ల నాటి ఒక సమాధి ఫలకం దగ్గర పాతికేళ్లయినా నిండని యువకుడు ఆగిపోయాడు. పేరు థామస్ హెన్రీ హాలండ్, జియలాజికల్ సర్వే ఉద్యోగి. ఫలకం మీద ఉన్నది ఈస్టిండియా కంపెనీ మనిషి జాబ్ చార్నాక్ పేరు. కానీ హాలండ్‌ను ఆపింది పేరు కాదు, రాయి. కలకత్తా గంగ ఒండ్రు మీద లేచిన ఊరు. జిడ్డు నిగారింపుతో నీలి నలుపు రంగులో మెరిసే ఇలాంటి బండ అక్కడ పుట్టదు.

అది మద్రాసు రాయి. పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ గుట్టల జాతి.

ఆ రాతిని పలచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు మామూలు గ్రానైట్‌లో కనిపించని హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉంది. 1893లో హాలండ్ ఆ రాతికి చార్నాక్ పేరే పెట్టాడు: చార్నోకైట్. ఖండాలు కదులుతాయన్న మాట అప్పటికి ఎవరి ఊహలోనూ గట్టిగా లేదు. మద్రాసులో పిట్టి త్యాగరాయ శెట్టి పేరుతో టి. నగర్ పేట వెలయడానికి ఇంకా మూడు దశాబ్దాలు ఉంది. ఇవాళ మాంబళంలో లోకల్ ఎక్కితే సైదాపేట, గిండీ తర్వాత వచ్చేదే ఆ మౌంట్. పండగ బట్టల కోసం ఉస్మాన్ రోడ్డుకు వచ్చే మనవాళ్లు ఒక్కసారి అక్కడిదాకా వెళ్లి ఆ బండను తాకి రావాలని నా కోరిక. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు.

అయితే దక్షిణ ఖండాల చుట్టరికం గురించి పండితులకు 1893 నాటికే కొంత తెలుసు. మన సింగరేణి బొగ్గు పొరల్లో కనిపించే గ్లోసోప్టెరిస్ ఆకు ముద్రలే ఆస్ట్రేలియాలోనూ, ఆఫ్రికాలోనూ దొరికాయి. 1885లో ఎడ్వర్డ్ స్యూస్ ఇలాంటి చుట్టరికం ఉన్న నేలలను కలిపి గోండ్వానా భూమి అన్నాడు. మధ్యలో ఉన్న నేల సముద్రంలో కుంగిపోయిందని ఆయన నమ్మకం.

నేల కుంగలేదు, ఖండాలే పక్కకు జరిగాయి అన్నవాడు ఆల్ఫ్రెడ్ వెగెనర్. 1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ మాట అన్నాడు, 1915లో పుస్తకం రాశాడు. ఆయన వాతావరణ శాస్త్రవేత్త. ఖండాన్ని నెట్టే బలం ఏది అని భూగర్భ శాస్త్రవేత్తలు నిలదీస్తే నిలిచే జవాబు ఇవ్వలేకపోయాడు. 1930 నవంబరులో గ్రీన్‌లాండ్ మంచులో ప్రాణం విడిచాడు. తన లెక్క నెగ్గడం ఆయన చూడలేదన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కథ ఎడిన్‌బరోకు మళ్లుతుంది. 1929 నుంచి అక్కడి విశ్వవిద్యాలయానికి ప్రిన్సిపాల్ ఎవరనుకున్నారు? మన హాలండే. సమాధిరాయి దగ్గర ఆగిన కుర్రవాడు ఇప్పుడు సర్ థామస్. పొసగని సాక్ష్యాలకు పొత్తు కుదిర్చే ప్రయత్నంగా 1941లో ఖండాల పరిణామం మీద ఒక వ్యాసం వెలువరించారు. రెండేళ్లకు అదే విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా ఆర్థర్ హోమ్స్ వచ్చారు. వెగెనర్‌ను నిలదీసిన ప్రశ్నకు జవాబు వెతికిన మనిషి ఆయన. రేడియోధార్మిక వేడికి భూగర్భంలోని శిల, ఎసట్లో నీళ్లలా, కానీ ఊహకందనంత నెమ్మదిగా, పైకీ కిందికీ తిరుగుతుందనీ ఆ ప్రవాహమే ఖండాలను మోసుకుపోతుందనీ హోమ్స్ 1920ల చివరి నుంచే చెబుతున్నారు. 1944లో తన పాఠ్యగ్రంథం చివరి అధ్యాయాన్ని ఈ విషయానికే ఇచ్చారు. అదే ఏడు హాలండ్ పదవీ విరమణ చేశారు, 1947లో కన్నుమూశారు.

ఆ తర్వాత సాక్ష్యం చెప్పిందీ మన రాయే. వికారాబాద్ వైపు దాకా పరుచుకున్న దక్కను లావా గట్టిపడేటప్పుడు, అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూ అయస్కాంత దిశను పట్టి ఉంచుకున్నాయి. ఆ దిశను కొలిచిన శాస్త్రవేత్తలు క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ 1956లో తేల్చిందేమిటంటే, ఆ లావా పొంగిన కాలానికి దక్కను భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది! 1963లో వైన్, మాథ్యూస్ సముద్రగర్భపు అయస్కాంత చారలను చదివి అక్కడ కొత్త నేల పుడుతోందన్నారు. వాళ్ల ముందున్న కొలతల్లో హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ గట్టువి ముఖ్యమైనవి. ఇక వాదన ఎంతోకాలం సాగలేదు.

అంటార్కిటికాలోని మాసన్ తీరంలో కూడా చార్నోకైట్ ఉంది. అది మౌంట్ రాయి అంత పాతది కాదు. దాని వయసు వంద కోట్ల ఏళ్లకు దగ్గర, దాని జోడు మన తూర్పు కనుమల్లో ఉంది. ఈ రెండు తీరాలూ విడిపోయి సుమారు 13 కోట్ల ఏళ్లు.

చివరగా మళ్లీ సెయింట్ థామస్ మౌంట్‌కే వద్దాం. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ దేశాన్ని కొలిచే సర్వే కోసం ఈ మౌంట్ దగ్గరే ఉక్కు గొలుసు పరిచి, ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. ఆ సర్వే ఉత్తరానికి పాకి ఎవరెస్టు ఎత్తు తేల్చింది. ఎవరెస్టును పైకెత్తింది ఈ నేల కదలికే. భారత భూభాగం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోందని ఉపగ్రహాల లెక్క. ఆ చొప్పున చూస్తే, గొలుసు పరిచిన ఆ నేల అప్పటి చోటు నుంచి ఇప్పటికి పది మీటర్లు దాటి వచ్చేసింది.