రజకవృత్తి: గ్రంథములును దుకాణపు బల్లయు

ఉపాధ్యాయపదవినుండి విరమించినపిదప మేము నాలుగేండ్లు మా అన్నగారి కుమారుని డ్రైక్లీనింగు దుకాణమున కూర్చుండి, చీటీలు వ్రాసి, బట్టలు లెక్కించి యిచ్చితిమి. బాల్యమున తండ్రిగారివెంట రేవునకుబోయి ఉబ్బ దింపిన చేతులే యివి. ఆ బల్లచెంత కూర్చున్నపుడు, పాఠశాలలో నలుబదియేండ్లు చెప్పిన గ్రంథములు మాకు వేఱుగా దోచినవి.

అమరసింహుడు నిర్ణేజక రజక శబ్దములను పర్యాయములుగా జెప్పెను. మొదటిది కడుగుటనుండియు, రెండవది రంగువేయుటనుండియు పుట్టినవి. మురికి వదల్చుటయేగాక రంగుల మర్మమును మనవా రెఱుంగుదురని యీ పేరే సాక్ష్యము.

మనుస్మృతి పంచమాధ్యాయమున పట్టునకును ఉన్నికిని ఊషము, మేకవెండ్రుకల కంబళులకు అరిష్టకము, సన్నని వల్కలములకు శ్రీఫలము, నారబట్టకు గౌరసర్షపము విధింపబడినవి. ఊషమనగా మన చౌడు. తక్కినవి కుంకుడు, మారేడు, తెల్ల ఆవాలు. ఈ విద్య నెవరియొద్ద నేర్చినదియు స్మృతికారుడు చెప్పలేదు. రేవుననే నేర్చియుండవలెనని మా తలంపు.

కౌటిల్యుని అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున మనకు దండనములే యెక్కువ. చెక్కపలకపైనను నున్నని రాతిపైనను గాక వేఱొకచోట నుతికిన ఆఱు పణములు; సమ్మెటగుర్తులేని పరుల వస్త్రము కట్టిన మూడు; అమ్మినను అద్దెకిచ్చినను తాకట్టుపెట్టినను పండ్రెండు. అయినను ఒక్క న్యాయమున్నది. లేతరంగు బట్టకు ఐదు రాత్రులు, నీలికి ఆఱు, మిక్కిలి శ్రమపడవలసిన మేలుబట్టకు ఏడు గడువిచ్చి, రంగునుగూర్చి తగవు వచ్చినచో కూలిని కుశలురు నిర్ణయింపవలెననెను.

ఆ కుశలు డిప్పుడేడి? ఒకనాడు ఒక గృహస్థు జరీచీరపై పసుపుపచ్చని మచ్చ జూపి, మీరే చెఱచితిరని కేకలువేసెను. అది పానకపు మరక. డ్రైక్లీనింగనగా తడిలేనిదని జనుల భ్రమ; బట్ట తడియును, నీటితో మాత్రము కాదు. ఆ ద్రావకము నూనెజిడ్డును కరగించును, ఉన్నిని పట్టును ఉబ్బనీయదు. కాని చక్కెరను చెమటను కదల్పజాలదు. కంటికి గానరాని చక్కెర ఇస్త్రీ వేడికి మాడి పచ్చబడును. అందుచే బట్ట తీసికొనునపుడే, ఏమి ఒలికినదని యడిగి చీటీలో వ్రాయుటయు, మరకను ముందుగా చేతితో దీయుటయు మావాడు అలవాటు చేసినాడు. శాస్త్రమనదగినది ఇదియే.

ఆ ద్రావకములనుగూర్చి యువకులకొక మాట. పెర్క్లోరోఎథిలీనును అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ మానవులకు క్యాన్సరు కలిగింపవచ్చునను తరగతిలో జేర్చినది. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము డ్రైక్లీనింగులో దానిని పదియేండ్లలో మాన్పింప నియమము చేసెను. పెట్రోలియపు ద్రావకమో, నిప్పునకు భయము. కిటికీలేని వెనుకగదిలో పిల్లలను పనికి నిలుపుట కూడదు.

1821లో న్యూయార్కునందు థామస్ జెన్నింగ్సు అను నల్లజాతి దర్జీ, నీరులేక బట్టలు శుభ్రపఱచు విధమునకు పేటెంటు పొందెను. ఆ జాతిలో పేటెంటు పొందినవారిలో తెలిసినంతలో ఆయనయే ప్రథముడు. బానిసత్వనిర్మూలనమునకై ధనము వెచ్చించెను. 1836లో పేటెంటు కార్యాలయము దగ్ధమై, ఆ పద్ధతి వివరములు నశించినవి.

మన పద్ధతులకు అట్టి కాగితమైనను లేదు. జీడిరసపు గుర్తులు, చౌడు పాళ్లు, ఉబ్బ వేడి, గంజి చిక్కదనము పెద్దల నోటనే యున్నవి. మేమొక పుస్తకమున వానిని వ్రాయ నారంభించితిమి. సభకు విచ్చేసిన వృద్ధులు, ముఖ్యముగా స్త్రీలు, పందిరియందు మాకు దర్శనమిచ్చి చెప్పినచో వారి పేరుతోనే వ్రాసికొందుము.