మన మందార చెట్టు మీది పురుగు కరీబియన్ దీవిని ఎలా వణికించింది?

మందార చెట్టు చిగుళ్ల మీద తెల్లగా, పిండి చల్లినట్టు ఏదో కనిపిస్తుంది చూశారా? ఆకు ముడుచుకుపోతుంది, మొగ్గ విచ్చుకోకుండానే రాలిపోతుంది. మన రైతులు దీన్ని పిండినల్లి అంటారు. మనమేమో ఆ కొమ్మ విరిచి గోడ అవతల పడేసి చేతులు దులుపుకుంటాం. కానీ ఈ పురుగుకి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

పిండినల్లుల్లో చాలా రకాలున్నాయి. మనం చెప్పుకునేది గులాబీ రంగు మందార పిండినల్లి. పైన తెల్లటి మైనం, నలిపితే లోపల గులాబీ రంగు. 1908లో ఎర్నెస్ట్ గ్రీన్ అనే కీటక శాస్త్రవేత్త మన దేశంలో దొరికిన నమూనాలు చూసి దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మందార, గోగు, ద్రాక్ష, మల్బరీ ఇవన్నీ దీనికి భోజనమే. పట్టు రైతులు టుక్రా అని పిలిచే మల్బరీ జబ్బు వెనక ఉన్నది కూడా ఇదే. అంటే మన దగ్గర నష్టం లేదని కాదు. కానీ దీన్ని తినే పురుగులు కూడా ఇక్కడే ఉన్నాయి కాబట్టి కొంతవరకు అదుపులో ఉంటుంది.

అసలు సమస్య ఇది ఊరు మారినప్పుడే మొదలైంది. 20వ శతాబ్దం మొదట్లో ఈజిప్ట్ చేరింది. అక్కడ మందారతో పాటు రోడ్ల పక్కన నీడ కోసం పెంచిన దిరిసెన చెట్లని కూడా పట్టుకుంది. ఫోన్ భాషలో చెప్పాలంటే వైరస్ వెళ్లింది, యాంటీవైరస్ ఇక్కడే ఉండిపోయింది.

ఇక 1994. కరీబియన్ సముద్రంలో గ్రెనడా. జాజికాయకి పేరున్న బుల్లి దీవి. అక్కడ ఇళ్ల చుట్టూ కంచెలా పెంచేది మందారే. ముందు ఆ కంచెలు పోయాయి. తర్వాత కోకో, టేకు, నిద్రగన్నేరు. కొండల మీద నీటిని కాపాడే అడవుల్లో బ్లూ మహో అనే చెట్లున్నాయి, అవి కూడా మందార కుటుంబమే. అవీ ఎండిపోయాయి. పక్క దీవులు గ్రెనడా కూరగాయలు, పండ్లు మాకొద్దన్నాయి. పెరటి చెట్టు మీద మొదలైన గొడవ రైతు చేతిలో డబ్బు దాకా వచ్చేసింది.

మరి మందు కొట్టలేదా? కొట్టారు. చెట్లు నరికి కాల్చారు కూడా. పని కాలేదు. ఎందుకంటే ఒక్క ఆడ పురుగు 600 దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు మైనం సంచిలో భద్రంగా ఉంటాయి, మందు లోపలికి పోదు. పిల్ల పురుగులు గాలికి ఎగిరిపోతాయి, మన బట్టలకి అంటుకుని వెళ్తాయి. పైగా మందు వల్ల దాని శత్రువులు ముందే చచ్చిపోతాయి.

అప్పుడు శాస్త్రవేత్తలు ఆ శత్రువులనే తెప్పించారు. మన దేశం నుంచి క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు వెళ్లింది. నిజానికి దాని సొంతూరు ఆస్ట్రేలియా. 1898లో కాఫీ తోటల కోసం మన దగ్గరికి తెచ్చారు. ఇప్పటికీ మన ల్యాబుల్లో గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి, దాన్ని మేపి ఈ పురుగుల్ని తయారు చేస్తారు. రెండోది అనాగైరస్ కమాలి అనే బుల్లి కందిరీగ. ఇది పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలి నుంచి తినేసి బయటికొస్తుంది. వీటిని వదిలిన దీవుల్లో పిండినల్లి 90 శాతానికి పైగా తగ్గింది. తర్వాత 1999లో కాలిఫోర్నియాలో, 2002లో ఫ్లోరిడాలో ఈ పురుగు కనపడినప్పుడు అక్కడివాళ్లకి ఏం చేయాలో ముందే తెలుసు.

ఇదే కథ మనకి తిరగబడింది కూడా. 2008లో మెక్సికో వైపు నుంచి వచ్చిన బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరులో బయటపడింది. బొప్పాయి, మల్బరీ తోటలతో పాటు మందారనీ వదల్లేదు. 2010లో ప్యూర్టో రికో నుంచి దాని కందిరీగని తెప్పించి వదిలాకే అదుపులోకి వచ్చింది.

ఇప్పుడు మన బాల్కనీ సంగతి. నర్సరీ నుంచి కొత్త మొక్క తెస్తే ఆకుల అడుగున, చిగుళ్ల మధ్య చూడండి. రెండు వారాలు మిగతా కుండీలకి దూరంగా పెట్టండి. పురుగు పట్టిన కొమ్మని కవర్లో మూట కట్టాకే పడేయండి. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే అనుమానించండి. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. క్రిప్టోలీమస్ పిల్ల పురుగు కూడా ఒంటినిండా తెల్లటి మైనం పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. కాకపోతే సైజు పెద్దది, చకచకా నడుస్తుంది. అది కనిపిస్తే దయచేసి నలపకండి, మందు కొట్టకండి. మీ చెట్టు మీద రెండిట్లో ఏది ఉందో ఫొటో తీసి కామెంట్‌లో పెట్టండి, కలిసి చూద్దాం.