తడిసిన పక్క, మారిన తీర్పు

రాజ్యములకును యుద్ధములకును చరిత్రలో దొరకిన చోటు పసివారి పక్కబట్టలకు దొరకలేదు. అయినను నిద్రలో పక్క తడుపు బిడ్డ లేని కాలము లేదు. బిడ్డ మారలేదు, బిడ్డపై పెద్దలు చెప్పిన తీర్పు మాత్రము పలుమారులు మారినది.

ప్రాచీనులు దీనిని రోగముగా ఎంచినారు. క్రీ.పూ. 1550 ప్రాంతమున ఈజిప్టులో వ్రాయబడిన ఎబర్స్ పపైరసులో దీనికి మందు చెప్పబడినది. మన శార్ఙ్గధర సంహిత బాలరోగములలో శయ్యామూత్రమును చేర్చినది. 1545లో ఆంగ్లమున శిశువైద్యగ్రంథము వెలువరించిన థామస్ ఫేర్ కూడ దీనిని విడువలేదు. ఆ మందులు ఎంతవరకు పనిచేసినవన్నది వేరు మాట; మందు వెదకువాడు బిడ్డను దోషిగా చూడడు.

క్రమశిక్షణయే పరమధర్మమైన చోట రోగము నేరమైనది. జార్జ్ ఆర్వెల్ 1911లో, ఎనిమిదేండ్ల ప్రాయమున, ఇల్లు విడిచి ఒక వసతిపాఠశాలలో చేరినాడు. చేరిన కొలది దినములకే పక్క తడుపుట మొదలైనది. అందులకు దెబ్బలు తినవలసి వచ్చినది. ఆయన మరణానంతరము 1952లో ప్రచురితమైన వ్యాసములో దెబ్బల నొప్పికంటె లోతైన గాయమొకటి కనిపించును: తాను కోరకయే, ఎరుగకయే పాపము చేయవచ్చునన్న భయము.

1939 సెప్టెంబరులో, బాంబుల భయమువలన, బ్రిటనులో సుమారు 15 లక్షల మంది నగరముల నుండి తరలింపబడినారు. వారిలో పిల్లలే అధికము. తడిసిన పరుపులను గూర్చి ఆశ్రయమిచ్చిన ఇండ్లవారి ఫిర్యాదులు దేశమంతట వినవచ్చినవి. మొదట మురికివాడల పెంపకమును నిందించినారు. తల్లికి దూరమైన బిడ్డ దిగులు కూడ అందులో ఉన్నదని పిదప గ్రహించినారు.

మన దేశమున ఈ దృష్టికి తొలి సంస్థాగత రూపమిచ్చినది బొంబాయి. ఉక్కు పరిశ్రమను నడపిన దొరాబ్జీ టాటా పేర 1936లో అక్కడ వెలసిన సమాజసేవా విద్యాలయము 1937లో పిల్లల మానసిక సమస్యలకై ఒక మార్గదర్శక కేంద్రమును తెరచినది. అయితే మనస్సును గుర్తించిన యుగము మరియొక పొరపాటు చేసినది. బిడ్డను విడిచి తల్లిని బోనులో నిలిపినది. పెంపకములో ఏదో లోపమున్నదని అనుమానించినది.

ఆ అనుమానమును దేహశాస్త్రము చాలవరకు తొలగించినది. రాత్రివేళ మూత్రమును తగ్గించు హార్మోను కొందరు పిల్లలలో చాలినంత పెరుగదని 1980లలో డెన్మార్కు పరిశోధకులు చూపినారు. 1995లో, అక్కడి కుటుంబములనే పరిశీలించి, వంశలక్షణమునకు 13వ క్రోమోజోముతో సంబంధము కనుగొన్నారు. ఐదేండ్ల పిల్లలు నూటికి పదిహేనుగురు వరకు పక్క తడుపుదురు. వారిలో దాదాపు ఏడవ వంతు ఏటేట తమంత తామే మానుదురు. కాబట్టి మనోవ్యథ పలుమారులు దీనికి కారణము కాదు, ఫలము.

జంషెడ్‌పూరులో, టెల్కో చెంతనున్న బిర్సానగర్ వంటి కార్మికవాడకు ఈ చరిత్ర దూరపు కథ కాదు. బిర్సా ముండా పేరు మోయు ఆ పేట ఉన్న నగరమునకు పొట్టచేతబట్టుకొని వచ్చినవారిలో శ్రీకాకుళపు తెలుగువారును కలరు. ఇరుకు ఇంట తోబుట్టువులందరు ఒకే చాపపై పండుకొన్నచో ఒకని రహస్యము అందరికిని తెలియును. ఎండలో ఆరవేసిన బొంత ఇరుగుపొరుగులకు చాటింపగును. చుట్టములింటికి రానని మొండికేయు పిల్లవాని మొండితనము వెనుక ఈ సిగ్గే ఉండవచ్చును.

అందుచేత నేడు వైద్యులు మొదట చెప్పు మాట ఒక్కటే: కొట్టరాదు, ఎగతాళి చేయరాదు. తడి తగిలిన వెంటనే మ్రోగు గంట సాధనము, అవసరమైనచో మందు ఉన్నవి. ఆరు నెలలు పొడిగా ఉండి మరల మొదలైనచో మధుమేహమును, మూత్రపు సోకును, మలబద్ధకమును పరీక్షింపవలెను. తమ్ముడు పుట్టెనా, బడి మారెనా, ఇంట కలహమా అనియు విచారింపవలెను. పక్క ఆరుటకు కాలము పట్టవచ్చును. ఈలోగా తెల్లవారుజామున దుప్పటి మార్చునపుడు పెద్దలు పలుకు మాట ఆ బిడ్డకు బ్రతుకంతయు జ్ఞాపకముండును.