పాత టీవీ పారేయొద్దు.. నల్లపాడులో డిజిటల్‌కు మారే ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో పాత డబ్బా టీవీ ఉంది. పిక్చర్ ట్యూబ్ బాగానే ఉంది. కానీ డాబా మీద యాంటెన్నా ఎటు తిప్పినా తెర మీద చుక్కలే. దీంతో టీవీ పాడైందనుకుని పాత సామాన్ల బండికి ఇచ్చేసేవాళ్లూ ఉంటారు. నిజానికి పోయింది టీవీ కాదు.. దానికి అందే అనలాగ్ సిగ్నల్.

దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి దశలవారీగా ఆపేసింది. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా మిగతావాటికి 2022 మార్చి 31 గడువు పెట్టుకుంది. కేబుల్ అంతకంటే ముందే మారింది. 2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి, దేశాన్ని నాలుగు దశలుగా విడగొట్టారు. మన దగ్గర హైదరాబాద్, విశాఖ రెండో దశ. మిగతా పట్టణాలు మూడో దశ, పల్లెలు నాలుగో దశ. 2012లో గుంటూరు నగరపాలక సంస్థలో కలవడంతో నల్లపాడు పట్నం లెక్కలోకి వెళ్లింది. మిర్చి చేలు దాటి అవతలున్న పంచాయతీలు మాత్రం నాలుగో దశలోనే మిగిలాయి. గడువులు జరుగుతూ జరుగుతూ చివరకు పట్టణాలకు 2017 జనవరి 31, పల్లెలకు మార్చి 31 దగ్గర ఆగాయి.

ఎందుకీ మార్పు అంటే.. ఒక అనలాగ్ చానల్ పట్టే చోట పదికి పైగా డిజిటల్ చానళ్లు పడతాయి. అసలు కారణం ఇంకోటి కూడా ఉంది. పాత పద్ధతిలో ఏ వీధిలో ఎన్ని కనెక్షన్లో పైవాళ్లకు తెలిసేది కాదు. బాక్స్ వచ్చాక ప్రతి ఇల్లూ లెక్కలోకి వచ్చింది.

ఇక ఇంటి సంగతి. ముందు టీవీని వెనక్కి తిప్పి చూడండి. పసుపు, తెలుపు, ఎరుపు రంగుల రంధ్రాలుంటే ఏవీ వైరుతో సెట్ టాప్ బాక్స్ నేరుగా పనిచేస్తుంది. బాగా పాత సెట్‌లో యాంటెన్నా పిన్ ఒక్కటే ఉంటే మధ్యలో ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా కావాలి. ఎల్ఈడీ టీవీకైతే హెచ్‌డీఎంఐ వైరు. కాబట్టి డిజిటల్ కోసం కొత్త టీవీ కొనాలని ఎవరైనా చెబితే తొందరపడొద్దు. ఇంకో మాట.. మునుపటిలా ఒకే కేబుల్‌ను చీల్చి రెండు గదుల్లో పెట్టుకోవడం కుదరదు. రెండో టీవీలో వేరే చానల్ కావాలంటే రెండో బాక్స్ ఉండాల్సిందే.

అసలు చిక్కంతా ఏ బాక్స్ తీసుకోవాలన్న దగ్గరే. ఒక సంస్థ బాక్స్ సాధారణంగా ఇంకో సంస్థకు పనికిరాదు. సొంతిల్లు ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేస్తూ అద్దె గదులు మారే కుటుంబాలకు మాత్రం పెద్ద విషయమే. కేబుల్ బాక్స్‌కు డబ్బు కట్టి, ఆరు నెలలకు వేరే ఆపరేటర్ ఉన్న వీధికి మారితే ఆ డబ్బు పోయినట్టే. డీటీహెచ్ డిష్ అయితే విప్పి వెంట తీసుకెళ్లొచ్చు. డాబా మీద బిగించడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. పెద్ద వాన పడితే కాసేపు బొమ్మ ఆగిపోతుందనేది డిష్‌తో ఉన్న ఇబ్బంది.

నెలనెలా కట్టే స్థోమత లేనివాళ్లకు దూరదర్శన్ ఫ్రీ డిష్ నయం. డిష్, బాక్స్ ఒక్కసారి కొంటే చాలు, నెల బిల్లు ఉండదు. సప్తగిరి, యాదగిరి వస్తాయి. కావాల్సిన తెలుగు సీరియల్ చానల్ అందులో వస్తుందో లేదో ముందే కనుక్కోండి. అది రాదని తెలిశాక ఇంట్లో పెద్దవాళ్లతో గొడవ ఖాయం! ఫోన్‌లో అన్నీ చూసుకునే కుర్రాళ్లకు టీవీ లేకపోయినా గడుస్తుంది, వాళ్లకు గడవదు.

కేబుల్ బిల్లు విషయానికొస్తే, 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. అప్పట్లో 100 చానళ్లకు 130 రూపాయలు, పన్ను కలిపి 153 దాటింది. పే చానళ్ల ధర దానికి అదనం. 2024లో ఆ 130 పరిమితిని కూడా ఎత్తేశారు. అందుకే ప్యాక్ మొత్తం ఎంతో, అందులో చూడని చానళ్లు ఎన్నో అడిగాకే ఒప్పుకోండి. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్‌లో 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అంటూ మొదలైంది. దాని బాక్స్ కూడా వేరే.

బాక్స్ అద్దెకిచ్చారా, అమ్మారా అన్నది దరఖాస్తు ఫారంలో రాయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. అద్దెదైతే తిరిగిచ్చేటప్పుడు డిపాజిట్ ఎంత వెనక్కొస్తుందో అప్పుడే అడగండి. బాక్స్ అడుగున ఉన్న నంబర్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఫిర్యాదు చేసేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.