దొరల నోట ‘పక్కా’

‘పక్కా సమాచారంతో పోలీసుల దాడి’... జిల్లా పేజీలో ఈ ముక్క కనబడని వారం ఉండదు. ఇదే ‘పక్కా’ ఇంగ్లీషు నిఘంటువుల్లోనూ విశేషణంగా కూర్చుంది. స్పెల్లింగు చూసి ‘పుక్కా’ అని చదివేస్తాం గానీ, అక్కడి ‘యు’ పలికేది ‘కప్పు’లో పలికినట్టే.

సంస్కృతంలో ‘పచ్’ అంటే వండటం. ఉడికినదీ, పండినదీ పక్వం. అరిసెలకు పట్టే పాకానిదీ ఆ ధాతువే. పక్వం హిందూస్తానీలో పక్కా అయింది. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు ‘కుక్’ దీనికి దూరపు చుట్టం. లాటిన్ దారిన వచ్చినా, దాని మూలమూ ఇదే.

17వ శతాబ్దం చివరికే ఈ మాట ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కింది. బజారు తూకాల్లో పెద్ద మణుగు పక్కా, చిన్నది కచ్చా. ఆ తర్వాత ఈ జంట ఎక్కడెక్కడ దూరిందో చూడాలంటే 1886లో వచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు తిరగెయ్యాలి. కూర్చినవాళ్లు హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్. మద్రాసు ప్రెసిడెన్సీలో కొలువు చేసిన బర్నెల్, పుస్తకం అచ్చవకముందే 1882లో పోయాడు. అందులో ఎండబెట్టిన ఇటుక కచ్చా, బట్టీలో కాల్చినది పక్కా. అంటే ఇటుకా నిప్పు మీద వండిందే! తాత్కాలిక ఉద్యోగం కచ్చా, ఖాయమైనది పక్కా. దర్జీ కొలత చూసేందుకు వేసే కుట్టు కచ్చా. జ్వరాల్లోనూ, చివరికి దగుల్బాజీల్లోనూ ఈ రెండు రకాలున్నాయి. నిఘంటుకారులు నవ్వుకుంటూ రాసినట్టే ఉంటుంది.

మాట మనుషులకు తగులుకున్నాక మాత్రం కంపు కొట్టింది. ‘పక్కా సాహిబ్’ అంటే అసలు సిసలు దొర. నేటివులతో పూసుకు తిరగనివాడు. బర్మాలో పోలీసు కొలువు చేసొచ్చిన జార్జ్ ఆర్వెల్, 1934 నాటి ‘బర్మీస్ డేస్’లో ఈ దొరతనం డొల్లను విప్పి చూపాడు.

సామ్రాజ్యం పోయింది, మాట పోలేదు. బ్రిటిష్ వాడుకలో ‘బ్రహ్మాండం’ అనే అర్థంలో మిగిలింది. 1999లో ‘ది నేకెడ్ షెఫ్’ అనే టీవీ కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న కుర్ర వంటవాడు జేమీ ఆలివర్‌కి అప్పట్లో అది ఊతపదం. కూర కుదిరితే చాలు, పక్కా! వండినదాన్ని ‘వండినది’ అని మెచ్చుకోవడమన్నమాట.