పద్నాలుగు అంకెలు

"సీజనల్ వ్యాపారమైతే, ఏడాదిలో ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు?"

దరఖాస్తులో ఈ ప్రశ్న చదివి వినిపిస్తే చిన్నమ్మ పిండి చేతులు కడుక్కుంటూ, "సంక్రాంతికి ముందు నెల రాయి. కొసకు ఉగాది రాయి. నడుమ ఎవరింట్లనన్న పెండ్లుంటే అదెట్ల రాస్తవ్?" అంది. దానికి గడి లేదు. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఏ ఫారం చూసినా దాన్ని తయారుచేసినవాడు ఏం ఊహించుకున్నాడో వెతకడం నాకు అలవాటు. ఇక్కడ పెండ్లిళ్ళను వాడు ఊహించుకోలేదు.

చిన్నమ్మది సిరికొండ. సకినాలు, గరిజెలు చేసి అమ్ముతుంది. చాన్నాళ్ళు దాన్ని వ్యాపారమని ఇంట్లో ఎవరూ అనలేదు, ఆమె కూడా అనలేదు. నిజామాబాదులో ఒక దుకాణం ఆయన "ఫుడ్ నంబరు ఉంటేనే షెల్ఫులో పెడతా" అన్నాక, సెలవు మీద ఊరొచ్చిన నా మీద పడింది ఆ పని.

ఆ నంబరుకు మూలం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. దాని 31వ సెక్షన్ లైసెన్సు లేకుండా ఆహార వ్యాపారం చేయొద్దంటుంది, ఆ వెంటనే చిన్నవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు, నమోదు చాలు అంటుంది. చిన్నవాళ్ళు ఎవరో 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చిన నిబంధనలు చెప్పాయి: ఏడాదికి 12 లక్షల టర్నోవరు దాటనివాళ్ళు, తోపుడుబండి వాళ్ళు, తిరిగి అమ్మేవాళ్ళు, తాత్కాలికంగా కొట్టు వేసేవాళ్ళు. రుసుము ఏడాదికి 100 రూపాయలు. నమోదు చేసే అధికారం ఫుడ్ సేఫ్టీ అధికారికే కాదు, రాష్ట్రం నోటిఫై చేస్తే పంచాయతీ ఉద్యోగికీ ఉండొచ్చు. అంటే చట్టం ఊరి గడప దాకా రావాలనుకుంది. ఫారం మాత్రం మీసేవ సెంటరు దాకానే వచ్చింది.

ఇంతకు ముందు సంగతి వేరు. 1954లో కేంద్రం ఆహార కల్తీ నిరోధక చట్టం చేసింది. అది అమల్లోకి వచ్చిన 1955 జూన్ నాటికి నిజామాబాదు ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ రావడానికి ఇంకా ఏడాదిన్నర టైముంది. ఆ చట్టం కింది నియమాల్లో 50వది తినే వస్తువు తయారు చేయాలన్నా, అమ్మాలన్నా లైసెన్సు ఉండాలంది. ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చి నమూనా తీసుకుంటే దాన్ని మూడు భాగాలు చేసి సీలు వేయాలి. తర్వాతి సవరణల్లో నేరం రుజువైతే సాధారణంగా కనీసం ఆరు నెలల జైలు. చదువుతుంటే ఇది తిండి గురించిన చట్టంలా కాదు, దొంగను పట్టే చట్టంలా ఉంటుంది. అమ్మేవాడు కల్తీ చేస్తాడన్న అనుమానమే అందులో మొదటి వాక్యం.

బోధన్ వైపు సర్కారు తిండిని చూసిన చూపు ఇంకా పాతది. అది ఆరోగ్యం చూపు కాదు, రాబడి చూపు. నిజాం కాలంలో కల్లు, సారా మీద అబ్కారీ వసూలు పెద్ద ఆదాయం. 1931కల్లా మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి నీళ్ళొచ్చాయి, నీళ్ళతో చెరకు వచ్చింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ వచ్చాక చెరకు ఎటు పోతుందన్నది సర్కారు సంగతి అయిపోయింది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఒక ప్రాంతం చెరకును ఒక ఫ్యాక్టరీకి కేటాయించొచ్చు, బెల్లం, ఖండసారి కోసం చెరకు ఆడే క్రషర్లకు లైసెన్సు పెట్టొచ్చు. బెల్లం వండేవాడి పొయ్యి శుభ్రంగా ఉందా అన్నదానికన్నా, ఫ్యాక్టరీకి పోవలసిన గడ వాడి దగ్గరకు పోయిందా అన్నదే అక్కడ ప్రశ్న. ఇక నల్లబెల్లం గుడుంబాకు పోతుందేమో అన్న అనుమానం ఎక్సైజువాళ్ళది. ఒకే బెల్లం ముద్దను ముగ్గురు మూడు కారణాలకు చూశారు. నాలుగోవాడు, తినేవాడి తరఫున చూసేవాడు, ఆలస్యంగా వచ్చాడు. ఫ్యాక్టరీ మాత్రం 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది.

మళ్ళీ ఫారం దగ్గరికొస్తా, ఎందుకంటే అందులో రెండు ప్రశ్నలు నన్ను వదల్లేదు. ఒకటి, నీళ్ళు ఎక్కడివి: ప్రభుత్వానివా, సొంతమా, వేరేనా. మిషన్ భగీరథ నల్లా ఉంది కాబట్టి సులువు. రెండు, తయారీకి కరెంటు వాడతారా. సకినాలకు కరెంటెందుకు? కానీ 1948 ఫ్యాక్టరీల చట్టం గుర్తున్నవాళ్ళకు ఈ ప్రశ్న తెలిసిందే. కరెంటుతో నడిస్తే పదిమంది, లేకుండా ఇరవైమంది ఉంటే ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ అయ్యేది. ఆ పాత కొలబద్దే పిండివంటల ఫారంలోకి జారిపడిందని నా ఊహ. చిన్నమ్మ గ్రైండరుంది అంది, 'అవును' పెట్టాం.

చట్టాల వెనకపడి ఆమెను మర్చిపోయేవాణ్ణే. ఆమె పదిహేనేళ్ళు బీడీలు చుట్టింది. సిరికొండ మండలంలో ఇది మామూలు సంగతి. ఆమె చుట్టిన బీడీలు చాలాకాలం ఇంకొకామె కార్డు మీద ఎక్కాయి. పీఎఫ్ నంబరు ఆమెకు లేదు, పీఎఫ్ నంబరు లేకపోతే బీడీ పింఛనూ లేదు. కాబట్టి నంబరన్న మాటకు ఆమె దగ్గర ఒక బరువుంది. నాకు వంద రూపాయల లాంఛనం, ఆమెకు కాదు.

దరఖాస్తు పంపాం. వారం గడిచింది, ఏమీ రాలేదు. నిబంధన తిరగేస్తే అందులో ఒక విచిత్రం కనబడింది: ఏడు రోజుల్లో నమోదు ఇవ్వకపోయినా, కాదనకపోయినా, తనిఖీకి వస్తామనకపోయినా, చిన్న తయారీదారు వ్యాపారం మొదలుపెట్టొచ్చు. తర్వాత అధికారి ఏదైనా మార్చుకోమంటే మార్చుకోవాలి, అంతే. ఇది చదివి నేను సంబరపడ్డాను. 1954 చట్టం ముందే దొంగ అనుకుంటే, ఇది సర్కారు మౌనాన్నే అనుమతి అంటోంది. 2014లో తెలంగాణ పరిశ్రమల కోసం తెచ్చిన టీఎస్ ఐపాస్‌లో గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అన్న సూత్రం ఎంత గొప్పగా చెప్పారో గుర్తుంది కదా. అదే సూత్రం సకినాల వాళ్ళకు అంతకు ముందే ఉంది, దానికి ప్రెస్‌మీట్ లేదు.

"చిన్నమ్మా, షురువు చెయ్యొచ్చు, రూలే ఉంది" అన్నాను.

"కాగితం ఏది?"

"రాకపోవుడే కాగితం."

ఆమె నా మొహం చూసింది. "రేపు ఆ దుకాణపాయన అడిగితే, రాకపోవుడు సూపెట్టమంటవా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ క్లాజు రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. అధికారి ఆలస్యానికి చిన్నవాళ్ళు నష్టపోకూడదని. కానీ రుజువు లేని హక్కును వాడుకోవడానికి ఎదుటివాణ్ణి ఒప్పించే శక్తి కావాలి, ఆ శక్తి ఉన్నవాళ్ళు సిరికొండలో వంద రూపాయల ఫారం నింపుకుంటూ కూర్చోరు. బియ్యం నానబెట్టకుండానే ఆమె ఇంకో తొమ్మిది రోజులు ఆగింది.

నంబరు ఫోనుకు వచ్చింది. పద్నాలుగు అంకెలు. మొదటిది 2, అంటే లైసెన్సు కాదు, నమోదు. తర్వాతి 36 తెలంగాణ. ఆ తర్వాతి రెండూ సంవత్సరం. నేను వివరిస్తుంటే చిన్నమ్మ వినలేదు, కాగితం మీద రాయమంది. రాసిచ్చాక ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివి, కింద ఉన్న పేరు కూడా చదివింది. అది ఆమె పేరే. ఆ కాగితం మడిచి బీరువాలో బీడీ కార్డు లేని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, "పొద్దుగాల బియ్యం నానబోస్త. నువ్వు హైదరాబాద్ పోయేటప్పుడు నువ్వులు కిలో ఎంతున్నయో అడిగి చెప్పు" అంది.